ఆ 23 శాతం ఇళ్ల మాటేమిటి?

మద్యం విధానం మారినప్పుడల్లా మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అదే వాదన మళ్లీ మొదలవుతుంది. దుకాణాలు మూస్తే ఇళ్లలో హింస ఆగిపోతుందని ఒకరంటారు, ఖజానా గతేమిటని మరొకరంటారు. ఇద్దరూ దాటవేసే అంకె ఒకటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తరచూ తాగి మత్తెక్కే భర్తలున్న స్త్రీలలో 70 శాతం మంది శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యామని చెప్పారు. దీన్ని అందరూ ఉదహరిస్తారు. మద్యం ముట్టని భర్తలున్న స్త్రీలలోనూ 23 శాతం మంది అదే మాట చెప్పారని మాత్రం ఎవరూ గుర్తుచేయరు. సీసా గడప తొక్కని ఇళ్లలో కూడా దాదాపు ప్రతి నలుగురిలో ఒకరిపై చెయ్యి లేస్తోంది.

మద్యం ప్రమేయం లేదనడం నా ఉద్దేశం కాదు. 23కూ 70కీ మధ్య ఉన్న దూరం భయంకరమైనది. 1992లో దూబగుంట మహిళలు సారా మీద తిరగబడింది ఊరికే కాదు. బిహార్‌లో నిషేధం వల్ల భార్యలపై హింస సుమారు 21 లక్షల కేసుల మేర తప్పిందని 2024లో లాన్సెట్ ప్రాంతీయ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. మద్యం హింసను పెంచుతుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ కొట్టే హక్కు తనకుందన్న నమ్మకం తాగక ముందే ఉంది. లేకపోతే బెల్టుషాపు నుంచి ఇంటికొచ్చే దారిలో ఎస్సైని పల్లెత్తు మాట అనని మనిషి, గుమ్మం దాటగానే భార్య మీదే ఎందుకు పడతాడు? అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త భార్యను కొట్టడం కనీసం ఒక సందర్భంలోనైనా సమర్థనీయమేనని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో దాదాపు 84 శాతం స్త్రీలే అన్నారు. చెప్పకుండా బయటికెళ్లడం, అత్తమామలను గౌరవించకపోవడం, వంట సరిగా చేయకపోవడం వంటి ఏడు సందర్భాల గురించి సర్వే అడిగింది. అన్నీ భార్య ‘తప్పులే’, వాటిలో భర్త తాగుడు లేదు.

చిన్నప్పుడు చూసిన హింసే మగవాడిని కొట్టేవాడిగా మారుస్తుందని మరో వాదన. అందులో నిజముంది. ఆ నీడ స్త్రీలనూ వెంటాడుతుంది: తండ్రి తల్లిని కొట్టడం చూసి పెరిగిన స్త్రీలు తమ కాపురాల్లోనూ ఎక్కువగా దెబ్బలు తింటున్నారని ఈ సర్వేనే చెబుతోంది. అయితే ఆ గాయాన్ని కొట్టినవాడికి సాకుగా వాడటం అన్యాయం. ఆ గాయం ఆమెకూ ఉంది, పిల్లలకూ ఉంది. అయినా హింసకు గురైన స్త్రీలలో సాయం కోరినవారు 14 శాతమే.

‘తాగకపోతే దేవుడులాంటి మనిషి’ అని సర్దిచెప్పి ఆమెను తిరిగి పంపే కౌన్సెలింగ్ ఇక ఆగాలి. తనంతట తాను తాగి తెచ్చుకున్న మత్తు నేరానికి మినహాయింపు కాదని భారతీయ న్యాయ సంహిత చెబుతుంటే, స్టేషన్‌లో రాజీకి కూర్చోబెట్టేవాళ్లకు ఆ వెసులుబాటు ఎవరిచ్చారు? 2005 గృహహింస చట్టం కింది రక్షణాధికారులకు మరో బాధ్యత అంటగట్టకుండా పూర్తికాలం ఆ పనే అప్పగించండి. డీఅడిక్షన్ కేంద్రానికి వచ్చే ప్రతి మగవాడి భార్యతో విడిగా మాట్లాడి, అవసరమైతే సఖి కేంద్రానికి చేర్చండి. పిల్లలకు మానసిక వైద్యం అందించండి. ఇవేవీ చేయకుండా దుకాణాల సంఖ్య తగ్గించి మహిళలను కాపాడామని ప్రకటించుకునే ప్రభుత్వాన్ని, ఆ 23 శాతం ఇళ్ల మాటేమిటని ప్రతి ఎన్నికల సభలోనూ నిలదీయండి.