మనుషుల్లేని ఊరు మన గోడకెందుకు?

ఈమధ్య ఏ గృహప్రవేశానికి వెళ్ళినా సోఫా వెనక గోడకి అవే బొమ్మలు. నలుపు తెలుపుల్లో న్యూయార్క్ మేడలు, ఓ వంతెన, ఓ గాజు టవరు. మూడు ఫ్రేములు వరసగా. ఎవరు ఎంచారంటే ఇంటీరియర్ వాళ్ళంటారు. బూడిదరంగు సోఫాకి అవే నప్పుతాయట. అత్తగారి పెళ్ళిఫోటో కూడా నలుపు తెలుపే కదా నాయనా అంటే, అది థీమ్‌లోకి రాదట!

నలుపు తెలుపు మీద నాకేం కోపం లేదు. రంగులు పోతే కట్టడం గీతలు, వెలుగునీడలు చక్కగా తేలతాయి. నా తగువల్లా అంత మహానగరంలో ఒక్క మనిషైనా లేకపోవడం గురించే. కొన్నిట్లో ఇది పనిగట్టుకుని చేసేదే. కెమెరాని స్టాండు మీద నిలిపి, లెన్సుకి నల్లటి ఫిల్టరు తగిలించి, నిమిషాల తరబడి షట్టరు తెరిచి ఉంచుతారు. కదిలేవాళ్ళంతా చెరిగిపోతారు, గోడలు మిగుల్తాయి. 1838లో డాగేర్ పారిస్ వీధిని ఫోటో తీసినప్పుడూ రద్దీ అంతా ఇలాగే మాయమైంది. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒకాయన మాత్రం పడ్డాడు. పాలిష్ చేస్తున్న మనిషి మసగ్గా మిగిలాడు. పనిచేసే చెయ్యి కదులుతుంది మరి! అప్పుడు కెమెరాకి చేతకాక, ఇప్పుడు కావాలని.

అలాంటి కెమెరాని పొద్దున్నే మన హాల్లో పెడితే మీరూ నేనూ అందులో పడతామా? పేపరు చదువుతూ కూర్చున్నాయన పడతాడు. (ఆ ఫ్రేముల అద్దాలు తుడిచేది ఎవరో వేరే చెప్పాలా?)

పోనీ మేడల ఫోటోలే కావాలంటారా? 1930-31లో 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ భవనం లేస్తుంటే, లూయిస్ హైన్ అనే ఆయన తాళ్ళకి వేలాడుతూ ఇనుము బిగించే కూలీల్ని తీశాడు. అవీ నలుపు తెలుపే, అదీ న్యూయార్కే. మన హాళ్ళలో మాత్రం నాకొక్కటీ కనబడలేదు. చెమటపట్టిన మొహం సోఫాకి నప్పదు కాబోలు.

మన టవర్లూ అంతే. చీరమీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, తలగుడ్డ మీద సిమెంటు తట్ట మోసే ఆడవాళ్ళని చూడని వీధి హైదరాబాదులో ఉందా? మూలన గుడ్డ ఉయ్యాల్లో పసిబిడ్డ. గృహప్రవేశం నాటికి వాళ్ళు మరో సైటులో ఉంటారు. మళ్ళీ వస్తే వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు.

అందుకని, మేడ బొమ్మే కావాలనుకునేవాళ్ళు మీ వీధిలో లేస్తున్న దాన్నే, సారువ కట్టెలు ఇంకా ఉండగానే, మనుషులతో సహా తీయించుకోండి. పిల్లలందరి చేతుల్లో ఫోన్లున్నాయిగా. కాకపోతే ముందు వాళ్ళని అడగండి. పేర్లు కనుక్కుని ఫ్రేము వెనక రాయండి.