కంప్యూటరునకు చిన్న సవరణ: చేయింపవలెనా, మానవలెనా?



ఈ మాసమున నందిగామనుండి యొక సోదరి మాకు ఉత్తరము వ్రాసినారు. ఆమె యింటియందే కుట్టుపని చేయించుచు, తమ వీధిలోని డ్వాక్రా సంఘపు లెక్కలను గూడ తమ కంప్యూటరులో వ్రాసి యుంచుచున్నారు. పదిమంది స్త్రీల పొదుపు, అప్పు, వాయిదా సమస్తమును ఆ యంత్రమునందే యున్నవి. కొన్ని దినములుగా దాని తెరమీద “విండోసు 11, 25హెచ్2 సిద్ధముగా నున్నది” అను ప్రకటన కానవచ్చుచున్నదట. కళాశాలలో చదువుకొనుచున్న కుమారుడు “అందులో క్రొత్తది యేమియు లేదమ్మా, దాని జోలికి పోకుము” అనుచున్నాడట. పొరుగింటి యక్కగారు “వేయించుకొనకున్న ముప్పు వచ్చును” అని భయపెట్టుచున్నారట. “చక్కగా నడచుచున్న యంత్రమును కదలించి, పదిమంది లెక్కలను పోగొట్టినచో నేనెవరికి సమాధానము చెప్పగలను? మీ యభిప్రాయమును దయతో తెలుపవలెను” అని యామె కోరినారు.

ఈ ప్రశ్న ఆమె యొక్కరిది కాదు. జగ్గయ్యపేటలోని మా యింటను ఇదే చర్చ జరిగినది. కావున ఈ మాసము మన పుటను దీనికే కేటాయించుచున్నాము.

మొదట విషయమును తేటపరుచుకొందము. కంప్యూటరులో మనకు కనబడునవి లెక్కల పుస్తకము, చిత్రములు, ఉత్తరములు మున్నగునవి. వీని కన్నిటికి వెనుక నుండి, ఎవరి పని వారికి పంచి పెట్టుచు, వాకిలి కాచుచు, సామానెక్కడ నున్నదో యెరిగియుండు మూలవ్యవస్థ యొకటి గలదు. దానినే ఆపరేటింగు సిస్టమందురు. ఇల్లాలు చేయు పని వంటిదే దాని పనియు. సక్రమముగా జరుగుచున్నంత కాలము ఎవరి కంటను బడదు. ఒక్కపూట నిలిచినచో ఇల్లంతయు నిలిచిపోవును.

ఈ వ్యవస్థకు వచ్చు సవరణలు రెండు విధములు. మొదటివి నెలనెలా వచ్చు చిన్న మరమ్మతులు. రెండవవి ఏటి కొకసారి వచ్చు క్రొత్త కూర్పులు. నెలవారీ మరమ్మతులను మైక్రోసాఫ్టువారు 2003 అక్టోబరు మొదలుకొని ప్రతినెల రెండవ మంగళవారమున వెలువరించుచున్నారు. మంగళవారము క్రొత్త పని మొదలిడరాదను సోదరీమణులు కలవరపడ నక్కరలేదు. అవి మన గడియారమున రాత్రి పదిన్నరకో పదకొండున్నరకో వెలువడును గనుక, మన యింటికి బుధవారముననే చేరును.

ఇక 25హెచ్2 మాట. ఇది 2025 సెప్టెంబరు 30వ తేదీన వెలువడిన యేటి కూర్పు. నందిగామ సోదరి కుమారుడు చెప్పినది చాలవరకు నిజమే. దీనికి ముందుదైన 24హెచ్2 కూర్పునకును దీనికిని మూలము ఒక్కటే. క్రొత్త భాగములు నెలనెలా వచ్చు మరమ్మతులతో ముందుగానే యంత్రములోనికి చేరి నిద్రించుచుండును. ఈ సవరణ వానిని మేల్కొల్పును, అంతే. అటుకమీద ముందే పెట్టియుంచిన పెట్టెకు తాళము తీయుట వంటిది. అందుచేత 24హెచ్2 ఉన్నవారికి ఇది చాల చిన్నది. ఒక్కమారు యంత్రమును ఆపి తిరిగి నడిపించినచో ముగియును.

అట్లయిన దీనివలన లాభమేమి? లాభము గడువులో నున్నది. ఇండ్లలో వాడు యంత్రములకు 24హెచ్2 కూర్పుపై మరమ్మతులు 2026 అక్టోబరు 13వ తేదీ వరకే యని వారు ప్రకటించిరి. 25హెచ్2 వేసికొన్నవారికి 2027 అక్టోబరు 12వ తేదీ వరకు వచ్చును. అనగా తెరమీద క్రొత్త సొగసు కనబడకున్నను, కాపలా మరియొక యేడాది సాగును. కుమారుడు సొగసును జూచి మాటాడెను. తల్లి కాపలాను జూచి నిర్ణయింపవలెను.

“చిన్న సవరణయే గదా, లేకున్న నేమి?” యనువారికి రెండు నిజమైన యుదంతములు చెప్పెదము. రెండింటను మన తెలుగువారికి సంబంధము గలదు.

మొదటిది మన యక్షరము కథ. 2018 ఫిబ్రవరిలో ఆపిలువారి ఐఫోనులలో నొక వింత దోషము బయల్పడినది. “జ్ఞా” అను తెలుగు అక్షరమును ఒక విధముగా కూర్చి పంపినచో, దానిని చూపబోయిన ఫోను చూపలేక పని చేయుచున్న కార్యక్రమమును మూసివేయుచుండెను. ఒక్కొక్కప్పుడు ఫోను ముఖపత్రమే నిలువలేక మరల మరల ఆరి వెలుగుచుండెను. మామూలుగా వ్రాసిన జ్ఞానమునకు దోషము లేదు. జకారము క్రింద ఞవత్తు వచ్చి, దాని తరువాత కంటి కగపడని విడదీత గుర్తు చేరి, ఆపై దీర్ఘము వచ్చినప్పుడే యంత్రము తడబడెను. తెలుగు ముక్క యెరుగని పరదేశీయులు సైతము తమ ఫోనులు మన యక్షరమును జూచి మూర్ఛిల్లుట కనులార జూచిరి. కొందరు ఆకతాయిలు దానిని పనిగట్టుకొని ఇతరులకు పంపిరి.

దీనికి మందుగా ఆపిలువారు 2018 ఫిబ్రవరి 19వ తేదీన 11.2.6 అను సవరణను వెలువరించిరి. అంకెలలో చిట్టచివరి స్థానము మాత్రమే మారినది. దానితో వచ్చిన వివరణయు ఒకటి రెండు వాక్యములే. క్రొత్త బొమ్మలు లేవు, క్రొత్త రంగులు లేవు. కాని దానిని వేసికొన్నవారి ఫోను ఒక్క సందేశముతో నిలిచిపోవు భయము తొలగినది. వేసికొననివారి ఫోను ఏ కొంటెవాని చేతనైనను పడిపోవు స్థితిలో నుండెను. సవరణ పరిమాణమును బట్టి దాని విలువ కట్టరాదని మన యక్షరమే లోకమునకు చాటినది.

రెండవది 2017 నాటిది. ఆ యేడు మార్చి 14వ తేదీన మైక్రోసాఫ్టువారు ఒక మరమ్మతు నిచ్చిరి. వెంటనే వేసికొన్నవారు వేసికొనిరి. తక్కినవారు “నడచుచున్నది గదా” యని యుపేక్షించిరి. రెండు మాసములు నిండకమునుపే, మే 12వ తేదీన, వాన్నాక్రై యను దుష్ట కార్యక్రమము ఆ రంధ్రము గుండనే లోకమంతట వ్యాపించెను. అది యంత్రములోని పత్రములను తాళము వేసి, విడువవలె నన్నచో 300 డాలర్లు చెల్లింపుమనెను. నూటయేబది దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములు దాని పాలైనవి. ఇంగ్లండులోని ఆసుపత్రులలో చికిత్సలు నిలిచిపోయినవి. మన యాంధ్రప్రదేశమున పోలీసు కార్యాలయములలోని కంప్యూటరులు కొన్ని దీనికి లోబడినవి. వానిలో కృష్ణాజిల్లా యంత్రములును గలవు. అప్పటికి మన జగ్గయ్యపేట, నందిగామలు కృష్ణాజిల్లాలోనివే. ఎన్.టి.ఆర్. జిల్లా యేర్పడినది 2022 ఏప్రిలులో గదా.

మన మెరక ప్రాంతమున మిరప పండించు గృహిణులకు ఈ సంగతి వివరింప బనిలేదు. బస్తా చిల్లు వ్రేలంత యున్నప్పుడే దబ్బనమునకు పని చెప్పుదురు. బండి కదలిన పిదప కుట్టుటవలన దారి పొడవున రాలిన కాయలు తిరిగి రావు.

ఇట్లు చెప్పినంత మాత్రమున కనులు మూసికొని మీట నొక్కుడని మా యుద్దేశము కాదు. సవరణయే కీడు చేసిన సందర్భములును గలవు. 2025 అక్టోబరు 14వ తేదీన వచ్చిన నెలవారీ మరమ్మతు వలన విండోసు 11 యంత్రములలో, ఆపత్కాలమున వాడు బాగుసేత తెరయందు, తీగతో తగిలించు మీటలపలకయు మౌసును పనిచేయక పోయెను. మైక్రోసాఫ్టువారు ఆ దోషము నొప్పుకొని, ఆరు దినములలో, అనగా 20వ తేదీన, దానికి వేరొక మరమ్మతు పంపిరి. వైద్యుని మందును ఒక్కొక్కప్పుడు వికటించును. అంతమాత్రమున మందు మానము, పథ్యము పాటింతుము.

మా యింటి యనుభవమును దాచక చెప్పెదము. మా కంప్యూటరునకు వచ్చిన సవరణను మేము నెలల తరబడి “రేపు, రేపు” అని వాయిదా వేసితిమి. చివర కొక వేసవి సాయంకాలమున, పడమట మబ్బు పట్టి యురుములు వినబడుచుండగా, తొందరపడి మీట నొక్కితిమి. పని సగములో నుండగా కరెంటు పోయినది. ఇన్వర్టరునకు ఆ యంత్రమును తగిలింపలేదు. చీకటిలో కూర్చుండి నపుడు మాకు జ్ఞప్తికి వచ్చినది సవరణ కాదు. ఆ యంత్రములో మా అమ్మగారి గొంతు ఉన్నది. ఆమె చివరి యేట గోంగూర పచ్చడి మొదలు సున్నుండల వరకు తాము చేయు తీరును చెప్పుచుండగా మేము పట్టియుంచిన మాటలవి. వానికి రెండవ ప్రతి లేదు. ఇన్నేండ్లలో ఒక్కనాడైనను తీసియుంచవలె నన్న తలంపు మాకు గలుగలేదు.

రాత్రి కరెంటు వచ్చిన పిమ్మట యంత్రము చేసిన మార్పులను తానే వెనుకకు దీసికొని, చాలసేపటికి మరల తెర తెరచినది. అమ్మగారి గొంతు దక్కినది. ఆ రాత్రియే రెండు ప్రతులు తీసితిమి. తప్పు సవరణది కాదు, కరెంటుదియు కాదు. ఒక్క కుండలోనే ఇంటి గింజలన్నియు బోసి, ఆ కుండను ఆరుబయట పెట్టిన మాదే తప్పు.

కావున నందిగామ సోదరికిని తక్కిన వారికిని మేము చెప్పు పద్ధతి యిది.

మొదట లెక్కలను, చిత్రములను, ముఖ్య పత్రములను పెన్‌డ్రైవులోనికో వేరు హార్డుడిస్కులోనికో ఎక్కింపుడు. ఎక్కించి యూరకుండక, అందులో నుండి యొక పత్రమును తెరచి చూడుడు. పిదప దానిని యంత్రమునుండి తీసి బీరువాలో దాచుడు. తగిలించి యుంచిన ప్రతి, దొంగ వచ్చినపుడు పెట్టెతో పాటు పోవు తాళపుచెవి వంటిది.

రెండవది, క్రొత్త యంత్రములు పెక్కింటిలో పత్రములకు తాళము తనంతట తానే పడియుండును. సవరణ పిమ్మట ఎప్పుడైన యంత్రము 48 అంకెల తాళపుసంఖ్య నడుగవచ్చును. అది మీ మైక్రోసాఫ్టు ఖాతాలో నుండును. ముందుగానే చూచి, ఇంటి లెక్కల పుస్తకములో వ్రాసి యుంచుకొనుడు.

మూడవది, సంఘపు వాయిదా చెల్లించు దినమునను, పిల్లల పరీక్షకు ముందునాడును, గాలివాన సూచన యున్నపుడును ఈ పని పెట్టుకొనకుడు. తీరికగల యుదయమున, కరెంటు నిలకడగా నున్నపుడు, ల్యాప్‌టాపైనచో ఛార్జింగు తీగ తగిలించి, ప్రారంభింపుడు.

నాలుగవది, నెలవారీ మరమ్మతులను వారము దినములు ఆపి, ఇతరుల యంత్రములకు కీడేమియు కలుగలేదని విని వేసికొనవచ్చును. ఐదు వారముల వరకు ఆపుటకు విండోసు 11లో వీలు గలదు. వారము నెలగా, నెల యేడాదిగా సాగనీయరాదు.

ఐదవది, సవరణను యంత్రములోని సెట్టింగ్సు యందు విండోసు అప్‌డేటు అను చోటునుండియే తీసికొనుడు. వాట్సాపులో వచ్చిన లంకెను, ఫోనులో “మీ కంప్యూటరు చెడినది, మేము బాగుచేసెదము” అను తీయని గొంతును నమ్మకుడు. ఎంత సవరించిన యంత్రమైనను, మనము స్వయముగా తలుపు తీసి లోనికి పిలిచిన వానిని ఆపజాలదు.

విండోసు 10 గల పాత యంత్రములవారికి వేరొక మాట. దానికి సాధారణ మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. అప్పుడు ప్రకటించిన ప్రకారము, పేరు నమోదు చేసికొన్న గృహయంత్రములకు 2026 అక్టోబరు 13 వరకు రక్షణ మరమ్మతులు వచ్చును. యంత్రపు అమరికలను మైక్రోసాఫ్టు ఖాతాలో భద్రపరుచువారు ఇందులకు పైకము చెల్లింప నక్కరలేదు. విండోసు 11నకు టి.పి.ఎమ్. 2.0 అను భద్రతాభాగము మున్నగునవి కావలయును గనుక పాత యంత్రములు పెక్కింటికి అది యెక్కదు. అట్టివారు యంత్రమును పారవేయుటకు ముందు లినక్సు వంటి యుచిత వ్యవస్థ గూర్చి తెలిసినవారి నడుగవచ్చును. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు అట్టిదానిని తెలుగుననే సిద్ధపరచిరి.

మా తుదిమాట యిది. నందిగామ సోదరి యీ సవరణను వేసికొనవలెను. అయితే నేడే కాదు. లెక్కల ప్రతి బీరువాలో చేరిన మరునాడు. వేసికొన్న పిదప తెలుగు అక్షరములు, అచ్చుయంత్రము, లెక్కల పుస్తకము మునుపటివలె పనిచేయుచున్నవో లేదో చూచుకొని, అటుపిమ్మట సంఘపు పని మొదలిడవలెను. తెరమీద మార్పేమియు కానరాదు. ఆమె యది చూచి నిరాశ చెందవలదు. పదిమంది స్త్రీల నమ్మకము నిన్నటివలెనే నేడును చెక్కుచెదరక యున్నదనుటకు అదియే గుర్తు.