జిల్లా పేరే కదా, మార్చేస్తే పోలా?

డేటా వేర్‌హౌసింగ్ ఇంటర్వ్యూకి వెళ్ళినవాళ్ళకి ఈ ప్రశ్న దాదాపు తప్పదు. "స్లోలీ ఛేంజింగ్ డైమెన్షన్స్ ఎన్ని రకాలు?" మనం కూడా ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పేస్తాం. టైప్ 1 అంటే పాతదాని మీదే కొత్తది రాసెయ్యడం, టైప్ 2 అంటే కొత్త రో చేర్చడం, టైప్ 3 అంటే పాత విలువకి ఇంకో కాలమ్ పెట్టడం. ఉద్యోగం వచ్చేస్తుంది. తీరా ప్రాజెక్టులో కూర్చున్నాక చాలామందిమి చేసేది ఒక్కటే, అప్‌డేట్ కొట్టి ఇంటికెళ్ళిపోవడం. నేనూ ఆ బాపతే. ఎలా మారానో చెబుతాను.

2021లో ఒక మందుల కంపెనీ ప్రాజెక్టులో ఉన్నాను. ఏ షాపు, ఏ నెల, ఎంత అమ్మకం అన్నది ఫ్యాక్ట్ టేబుల్. షాపు పేరు, మండలం, జిల్లా వగైరా అన్నీ డైమెన్షన్ టేబుల్. ఆ ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హన్మకొండ అయింది, వరంగల్ రూరల్ కాస్తా వరంగల్ అయింది. పేర్లే కాదు, మండలాలు కూడా అటూ ఇటూ మారాయి. వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు కొత్త వరంగల్ జిల్లాలోకి వెళ్ళాయి, పరకాల లాంటివి హన్మకొండలోకి వచ్చాయి. క్లయింట్ నుంచి "జిల్లాలు అప్‌డేట్ చెయ్యండి" అని ఒక్క లైను మెయిల్. నేను పావుగంటలో పని ముగించి టికెట్ క్లోజ్ చేశాను. పైగా ఎంత తొందరగా చేశానో అని మురిసిపోయాను కూడా.

వారం తిరక్కుండా సపోర్ట్ కాల్‌లో ఒక పెద్దాయన లైన్లోకొచ్చారు. అర్బన్ జిల్లా అమ్మకాలు చూసే మనిషి. "తమ్మీ, ఏప్రిల్ నుంచి జూన్ దాకా టార్గెట్ దాటిన అని మీ రిపోర్టే చెప్పింది. ఇయ్యాల అదే రిపోర్టు దాటలేదంటుంది. నేను అమ్మిన మందులు ఎటు పోయినయ్?" అన్నారు.

ఎటూ పోలేదు. నేనే పంపించాను. ఖిలా వరంగల్ షాపుల జిల్లా మార్చగానే, ఆ షాపులు జూన్‌లో అమ్మిన సరుకు కూడా కొత్త జిల్లా ఖాతాలోకి వెళ్ళిపోయింది. జరిగిపోయిన మూడు నెలల లెక్క నా పావుగంట పనితో మారిపోయింది. ఆయన ఇన్సెంటివ్ లెక్క ఆ నంబర్ మీదే ఆధారపడి ఉంది. అదృష్టం కొద్దీ పాత షాపుల జాబితా ఎక్సెల్ ఒకటి ఎవరిదో మెయిల్‌లో దొరికింది కాబట్టి సరిపోయింది. దొరక్కపోతే? టేబుల్లో పాత జిల్లా ఆనవాలే లేదు మరి!

పొలం కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? ఇప్పుడు ఎవరి పేరు మీద ఉందో చూసి ఊరుకోం. ఈసీ తీయిస్తాం, లింక్ డాక్యుమెంట్లు అడుగుతాం. అంతకుముందు ఎవరిది, ఏ తేదీన చేతులు మారింది అన్నీ కావాలి. నాన్నగారి పొలం విషయంలో ఇంత జాగ్రత్తపడే మనం క్లయింట్ డేటా విషయంలో మాత్రం పాత ఓనరు పేరు చెరిపేసి కొత్త పేరు రాసేస్తున్నాం.

ఇంకో తప్పు కూడా చేశాను. జిల్లా పేరునే కీగా వాడాను. "వరంగల్" అంటే 2016 అక్టోబర్ 11 ముందు ఒక పెద్ద జిల్లా. ఆ రోజు తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాక ఉత్త "వరంగల్" అనే జిల్లానే లేదు, అర్బన్, రూరల్ అని రెండున్నాయి. 2021 ఆగస్టు తర్వాత అదే పేరుతో వేరే సరిహద్దుల జిల్లా. ఒకటే పేరు, రెండు వేర్వేరు జిల్లాలు. సరొగేట్ కీ ఎందుకు దండగ అని వాదించేవాళ్ళకి ఇంతకంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అదే క్లయింట్, మళ్ళీ అదే ఒక్క లైను మెయిల్. ఈసారి తొందరపడలేదు. ఉదాహరణకి హిందూపురంలో ఒక షాపు. పాత రోలో అనంతపురం జిల్లా, ముగింపు తేదీ ఏప్రిల్ 3. కొత్త రోలో శ్రీ సత్యసాయి జిల్లా, ప్రారంభం ఏప్రిల్ 4. షాపు కోడ్ ఒకటే, సరొగేట్ కీలు రెండు. అప్పటిదాకా ఉన్న బిల్లులు పాత కీతోనే ఉంటాయి, తర్వాతవి కొత్త కీతో వస్తాయి. మార్చి లెక్క ఎవరూ కదపలేరు.

అయితే టైప్ 2 పెట్టేస్తే అయిపోయిందనుకోకండి. "శ్రీ సత్యసాయి జిల్లాలో పోయినేడాది కంటే అమ్మకాలు పెరిగాయా?" అని మేనేజర్ అడిగితే పోయినేడాది సున్నా వస్తుంది. అప్పుడా జిల్లా లేదు కదా! అందుకే "అప్పటి జిల్లా" పక్కనే "ఇప్పటి జిల్లా" అని ఇంకో కాలమ్ పెట్టి, అది మాత్రం ఆ షాపు రోలన్నిట్లో మార్చాం. ఇన్సెంటివ్ లెక్కకి మొదటిది, పోలికకి రెండోది. ఇదంతా కుదిరింది అమ్మకాలు షాపు స్థాయిలో ఉన్నాయి కాబట్టే. జిల్లా మొత్తాలు మాత్రమే దాచుకుని ఉంటే, అనంతపురం నంబరుని రెండు ముక్కలు చెయ్యడం బ్రహ్మతరం కూడా కాదు.

టేబుల్ పెరిగిపోతుంది, జాయిన్లు కష్టమవుతాయి అంటారు. ఫ్యాక్ట్ టేబుల్లో కోట్ల రోలు మోస్తూ డైమెన్షన్లో కొన్ని వేల రోలకి భయపడటమేంటండీ? అలాగని అన్నిటికీ టైప్ 2 అక్కర్లేదు. షాపు పేరులో అచ్చుతప్పు దిద్దితే టైప్ 1 చాలు, తప్పుకి చరిత్ర ఎందుకు? నేనైతే ప్రతి కాలమ్‌కీ ఒక్క ప్రశ్న వేస్తాను: ఇది మారితే నిన్నటి రిపోర్టు మారొచ్చా? ఆ జవాబు చెప్పాల్సింది డెవలపర్ కాదు, ఆ రిపోర్టు మీద డబ్బు తీసుకునేవాళ్ళు, ఇచ్చేవాళ్ళు.

రాల్ఫ్ కింబాల్ 1996 నాటి పుస్తకంలోనే ఈ రకాలన్నీ వివరంగా చెప్పాడు. మనకి తెలియక కాదు. ఎస్టిమేట్‌లో నాలుగు రోజులు ఎక్కువ అడగటానికి మొహమాటం. "ఇప్పటికి ఓవర్‌రైట్ చేద్దాం, హిస్టరీ ఫేజ్ టూలో చూద్దాం" అంటాం. ఫేజ్ టూ వచ్చేసరికి చూడటానికి హిస్టరీ ఉండదు. రిపోర్టు రంగులు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, చెరిపేసిన నిన్నటిని మాత్రం తిరిగి తేలేం.

ఈసారి ఒక్క లైను మెయిల్ వస్తే, అప్‌డేట్ కొట్టేముందు ఒక్క ఫోన్ చెయ్యండి. అవతల ఎవరో పెద్దాయన కష్టం ఆ కాలమ్‌లో ఉండొచ్చు.