తెల్లకణాల ఇంజెక్షను బలం సూది కాదు

కీమో తరువాత వేసే ఫిల్‌గ్రాస్టిమ్‌ను చాలా ఇళ్లలో 'బలం ఇంజెక్షను' అంటున్నారు. ఆ పేరు మాకు నచ్చదు. బలానికే కదా అనుకుని కొందరు ఖర్చుకు వెరచి మధ్యలో మానేస్తున్నారు. నీరసంగా ఉన్నవారు తమకూ వేయమంటున్నారు!

శరీరంలో కణాలు ఒకదానికొకటి కబురు పంపుకొనే ప్రొటీన్లే సైటోకైన్లు. తెల్లకణాలు తయారు చేయమని ఎముకల మూలుగకు చెప్పే సైటోకైన్ ఇది. మనిషి జన్యువును ఈ.కోలై బాక్టీరియాలో పెట్టి దీన్ని తీస్తారు. అమెరికాలో 1991లో అనుమతి వచ్చింది. హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ 2001లో గ్రాఫీల్ పేరుతో తెచ్చింది. పరిశోధనశాలల్లో కణాలు పెంచడానికీ ఈ ప్రొటీన్ అమ్ముతారు. 'పరిశోధనకు మాత్రమే' అని రాసిన ఆ సీసా, ఎంత చవకగా దొరికినా, మనుషులకు వేయకూడదు.

మందు 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, గడ్డకట్టకూడదు. అమ్మా, కొంగున ముడివేసుకుని ఎండలో బస్సెక్కి తెస్తే ఎలా? ఐసు డబ్బా మమ్మల్ని అడగండి. ఎముకల నొప్పి వస్తే మీరే మానేయకుండా డాక్టరుగారికి చెప్పండి. తెల్లకణాలు తగ్గిన రోజుల్లో జ్వరం ప్రాణాంతకం కావచ్చు. 100.4 డిగ్రీలకు చేరితే మాత్ర మింగి తెల్లవారేదాకా చూడవద్దు, అర్ధరాత్రయినా క్యాజువాలిటీకి వచ్చేయండి.