తప్పెటగుళ్లు నాయిస్ కాదు

"చేతిలో ఫోనుంటే చాలు, ఎవరైనా సినిమా తీసేయొచ్చు." ఈ మాట పదేళ్లుగా వింటున్నాను. ఆఫీసులో విన్నాను, సాహిత్య సభల్లో విన్నాను, షార్ట్ ఫిలిం పోటీల్లో శాలువా కప్పించుకున్న ముఖ్య అతిథుల నోట విన్నాను. టెక్నాలజీ వచ్చి కళని ప్రజాస్వామికం చేసేసిందట. సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ణి కాబట్టి ఈ మాటకి నేను పొంగిపోవాలి. పొంగలేను. ఫోను అందరి చేతికీ వచ్చింది, నిజమే. కానీ ఏ శబ్దం పాట, ఏ శబ్దం చెత్త అని ఆ ఫోను లోపల తేల్చే కోడ్‌ని ఎక్కడో కూర్చున్నవాళ్లు, తమకి అలవాటైన గొంతులు విని రాశారు. వాళ్లు విన్నవాటిలో భోగాపురం లేదు.

భోగాపురమే ఎందుకంటే, కిందటేడు అక్కడ తయారైన ఒక స్టూడెంట్ మ్యూజిక్ వీడియోని మొదటి ఫుటేజీ నుంచి చివరి ఎక్స్‌పోర్ట్ దాకా దగ్గర్నుంచి చూశాను. విశాఖ నుంచి శ్రీకాకుళం వైపు హైవే మీద వెళ్తే తగరపువలస దాటాక కొబ్బరి తోటలూ, జీడి తోటలూ, సరుగుడు తోపులూ, వాటి మధ్య ఇంజనీరింగ్ కాలేజీల బోర్డులూ కనబడతాయి. పేపర్ చదివేవాళ్లకి మాత్రం భోగాపురం అంటే విమానాశ్రయం. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు (ఒకే విమానాశ్రయానికి రెండు శిలాఫలకాలు, కనీసం రాళ్లు చెక్కేవాళ్లకి పని దొరికింది). 2,200 ఎకరాల పైచిలుకు నేల. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఊళ్లు లేచి వేరేచోటికి వెళ్లాయి.

ఆ చుట్టుపక్కల ఒక కాలేజీలో మా అన్నయ్య కొడుకు ఫైనలియర్ చదువుతున్నాడు. వాడూ, ఇంకో ఐదుగురూ కలిసి కాలేజీ ఫెస్ట్‌కి పాట తీశారు. రాసింది వాళ్లలో ఒకమ్మాయి. వాళ్ల అమ్మమ్మ కొబ్బరితోట గురించి, ఊరు ఖాళీ చేసిన రోజు గురించి. అందులో 'నాను' ఉంది, 'ఎలిపోనాం' ఉంది, 'బేగి' ఉంది, 'ఒగ్గీసి' ఉంది. ఆ అమ్మాయి ఇంట్లో ఎలా మాట్లాడుతుందో అలాగే రాసింది. పక్క ఊరి నుంచి ఒక తప్పెటగుళ్ల బృందాన్ని బతిమాలి పిలుచుకొచ్చారు. ఊరు వదిలే పాటకి తప్పెటగుళ్లేమిటి అని అడగబోయి ఊరుకున్నాను. గంగమ్మ పండక్కి మోగే దరువు ఊరు ఖాళీ అయిన చోట మోగితే ఎలా ఉంటుందో ఆ పిల్లలకి నాకంటే బాగా తెలుసు.

ఫుటేజీ పంపించి ఫోన్ చేశాడు: "సిన్నాన్నా, గుళ్లు ఏటయిపోనాయో సూడు. అక్కడ సెవులు పగిలిపోనాయి. ఇందులో ఏటీ లేదు."

హైదరాబాదు పిల్లలకి తప్పెటగుళ్లంటే ఏమిటో చెప్పాలి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ముఖ్యంగా యాదవులు ఆడే ఆట ఇది. గుండ్రటి లోహపు చట్రానికి తోలు బిగించిన వాయిద్యాన్ని గుండెకి ఆనేలా కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, కాళ్ల గజ్జెలు దానికి జవాబు చెబుతుంటే గెంతుతూ పాడతారు. పది పదిహేను మంది ఒక్కసారి దరువు మారిస్తే ఆ దెబ్బ చెవికంటే ముందు ఛాతీకి తగులుతుంది. రికార్డింగులో వినబడింది ఏమిటంటే, దూరంగా ఎవరో అట్టపెట్టె కొడుతున్నట్టు ఒక టపటప. అది కూడా పాట మొదలవగానే నీళ్లలో మునిగినట్టు మునిగిపోతుంది, గాయకుడు ఊపిరి తీసుకున్నప్పుడు పైకి తేలుతుంది, మళ్లీ మునుగుతుంది.

ఇక్కడ మైకు పాడవలేదు. సాఫ్ట్‌వేర్ చెయ్యమన్న పని చేసింది. ఫోనులోనూ, కాలర్‌కి పెట్టుకునే వైర్‌లెస్ మైకుల్లోనూ రెండు రకాల తతంగాలు మామూలుగా నడుస్తుంటాయి. ఒకటి ఆటోమేటిక్ గెయిన్: పెద్ద శబ్దం రాగానే వాల్యూమ్ తగ్గించి, చిన్న శబ్దం రాగానే పెంచుతుంది. ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటే మంచిదే. దరువుకి మాత్రం అది ఉరితాడు, ఎందుకంటే దరువంటేనే పెద్దకీ చిన్నకీ మధ్య తేడా. రెండోది నాయిస్ సప్రెషన్. మనిషి మాటలాగా ఉన్నదాన్ని ఉంచి, మిగతాదాన్ని నొక్కేస్తుంది. ఈ రోజుల్లో దీన్ని చాలాచోట్ల న్యూరల్ నెట్‌వర్కులతో చేస్తారు. దానికి శిక్షణ ఇచ్చేటప్పుడు ఒకపక్క శుభ్రమైన మాటల రికార్డింగులు, ఇంకోపక్క 'నాయిస్' పేరుతో ట్రాఫిక్కూ, ఫ్యానూ, గిన్నెల చప్పుడూ, కుక్క అరుపూ పెడతారు. తప్పెటగుళ్లని ఏ పక్క పెట్టాలో ఎవరూ నేర్పకపోతే అది తనంతట తానే తేల్చుకుంటుంది. పండక్కి మోగే వాయిద్యం కుక్క అరుపు ఖాతాలో పడుతుంది.

దీనికి మందు లేదా అంటే ఉంది, అదే కోపం తెప్పించేది. శబ్దాన్ని ఏమీ దిద్దకుండా ఉన్నదున్నట్టు ఇమ్మని అడిగే వీలు ఆండ్రాయిడ్‌లో 2016 నుంచీ ఉంది; డెవలపర్లకి దాని పేరు 'అన్‌ప్రాసెస్డ్'. ఫోనులో హార్డ్‌వేర్ సహకరించాలి, యాప్ రాసేవాడికి అడగాలని తోచాలి. మామూలు కెమెరా యాప్ తెరిచి ఎర్ర బొత్తాం నొక్కే పిల్లాడికి అలాంటిదొకటి ఉందనే తెలియదు. తెలిసే చోట పెట్టరు. 'యూజర్‌ని కన్ఫ్యూజ్ చేయకూడదు' అన్నది మా వృత్తిలో మొదటి నీతివాక్యం. ఎన్నో మీటింగుల్లో ఈ వాక్యం విన్నాను. కన్ఫ్యూజ్ కాని ఆ యూజర్ ఏ ఊరివాడని ఏ మీటింగులోనూ ఎవరూ అడగలేదు.

తర్వాతి కథ త్వరగా చెప్తాను. పిల్లలు గొంతుని పిచ్ కరెక్షన్‌లో పెట్టారు, అందరూ పెడతారు కాబట్టి. ఈ విద్యకి పేరు తెచ్చిన ఆటో-ట్యూన్‌ని 1997లో తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు అన్వేషణ రంగంలో భూమి లోపలి నుంచి వచ్చే ప్రతిధ్వనుల లెక్కలు చూసేవాడు. ఆ గణితమే గొంతులోకి వచ్చింది. గొప్ప ఇంజనీరింగ్, దాన్ని నేను తక్కువ చేయను. కానీ డిఫాల్ట్‌గా పెడితే అది ప్రతి స్వరాన్నీ హార్మోనియం మెట్లలాంటి పన్నెండింటిలో దగ్గరున్న దానిమీదకి లాగుతుంది. ఏడుపు పాటలో మెట్టుకీ మెట్టుకీ మధ్య జారే ఆ జారుడే పాట. దాన్ని 'తప్పు' అని సరిచేస్తే మిగిలేది జింగిల్. మా వాడి స్నేహితురాలు తన గొంతు తాను విని, "ఇది నాను కాదు" అంది. ఈ వ్యవహారం మొత్తంలో నేను విన్న అత్యుత్తమ సంగీత విమర్శ అదే.

ఆపైన మాటల వంతు. సబ్‌టైటిళ్ల కోసం ఆటో క్యాప్షన్ పెడితే 'ఎలిపోనాం' కాస్తా 'వెళ్లిపోయాం' అయింది. 'బేగి'ని అది అసలు మాటగానే గుర్తించలేదు, అక్కడ ఎవరిదో ఇంటిపేరు రాసింది. ఇంతలో ఫెస్ట్ కమిటీ పెద్దమనుషులు వీడియో చూసి రెండు మాటలు చెప్పారు: ఆడియో క్లీన్‌గా లేదు, భాష 'క్లియర్‌గా' లేదు. ఏఐలో పాడించేయండి, గంటలో అయిపోతుంది అన్నారు. పిల్లల చేతిలో టైము లేదు. పాటని ఒక చాట్‌బాట్‌కి ఇస్తే అది అడక్కుండానే 'ప్రామాణిక' తెలుగులోకి మార్చింది. ఇంకో యాప్ దాన్ని ఏ ఊరిదీ కాని గొంతుతో, సినిమా డ్రమ్ములతో పాడింది. కాలేజీ తన పేజీలో పెట్టుకున్నది ఆ వీడియోనే. ఆ గుళ్ల బృందం తెరమీద గెంతుతూ కనబడుతుంది, వినబడేది వాళ్లు వాయించనిది.

ఇది చదివి "చూశారా, అందుకే ఈ రీల్స్ పిల్లలకి ఏమీ రాదు" అనే పెద్దలున్నారు. మన వెబ్ పత్రికల్లోనూ ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ అమ్మాయి రాసింది కథగా అచ్చయి ఉంటే మీరే ఉత్తరాంధ్ర నుంచి కొత్త గొంతు అని మురిసిపోయేవారు. టెక్నాలజీకి దూరంగా ఉండి స్వచ్ఛంగా మిగిలిన జానపదం ఎక్కడా లేదు. వంగపండు ప్రసాదరావు పాటలు ఊళ్లోనే ఉండిపోలేదు. 'ఏం పిల్లడో' సభల నుంచి 1986లో 'అర్ధరాత్రి స్వతంత్రం' సినిమాలోకి కూడా వెళ్లింది. వెళ్లినప్పుడు తన యాసతో వెళ్లింది. సినిమా మైకు దాన్ని దిద్దలేదు. యంత్రాన్ని చూసి ముక్కు మూసుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ యంత్రానికి డిఫాల్ట్ విలువలు ఎవరు పెట్టారన్నదే అడగాల్సింది.

ఈ జిల్లాలకి ఇది మరీ చేదు. 'కన్యాశుల్కం' పుట్టింది విజయనగరంలో. వాడుకభాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి శ్రీకాకుళం ప్రాంతం వాడు. ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న మన కాలేజీలు తెలుగు భాషా దినోత్సవం చేస్తాయి, అదే కాలేజీల్లో 'ఏటి' అన్న పిల్లాణ్ణి చూసి నవ్వుతారు. రావిశాస్త్రి తన మనుషుల చేత వాళ్ల మాటే మాట్లాడించాడు. కాగితం మీద వందేళ్లు కొట్లాడి గెలిచిందాన్ని కీబోర్డు సజెషన్ రోజుకింత వెనక్కి లాక్కుంటోంది, దానిమీద వ్యాసం రాసేవాడు లేడు. పాత గ్రాంథికవాదితో కనీసం వాదన పెట్టుకోవచ్చు. ఆయనకి పేరుండేది, ఇల్లుండేది.

డేటా పెరిగితే అన్నీ సర్దుకుంటాయి అని నా సహోద్యోగులంటారు. కొంత నిజం. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ వాళ్లు జిల్లాలు తిరిగి మామూలు మనుషుల మాటలు సేకరించారు, ఆ పని చేసినవాళ్లకి దండం పెట్టాలి. కానీ మాట గుర్తుపట్టడం వేరు, గుర్తుపట్టాక దాన్ని అలా ఉండనివ్వడం వేరు. రెండోది డేటాతో రాదు. దిద్దమని ఎవరూ అడగనప్పుడు దిద్దకూడదని ఒకరు నిర్ణయం తీసుకోవాలి. పాటలు పుట్టించే సునో, యుడియోల మీద 2024 జూన్‌లో పెద్ద పెద్ద రికార్డు కంపెనీలు కోర్టుకెక్కాయి, మా పాటలు మేపి పెంచారని. వాళ్లకి వకీళ్లున్నారు. తప్పెటగుళ్ల దరువుకి ఎవరున్నారు?

దానికీ ఒక చట్టం ఉంది, వింతగా ఉన్నా. మన 1957 కాపీరైట్ చట్టంలో 'ప్రదర్శకుడు' అంటే ఎవరో చెప్పే జాబితాలో గాయకులు, నర్తకులతో పాటు గారడీవాళ్లూ పాములవాళ్లూ కూడా ఉన్నారు. 2012లో చేర్చిన 38బి సెక్షన్ ప్రకారం తన ప్రదర్శనకి తన పేరు చెప్పమని అడిగే హక్కు ప్రదర్శకుడిది. తెలుగులో ఈ పేరు గొడవ కొత్తదేం కాదు. 2021లో 'సారంగ దరియా' సినిమా పాటగా వచ్చినప్పుడు, ఆ పాటని అంతకుముందే టీవీలో పాడి వెలుగులోకి తెచ్చిన కోమలి మాటేమిటని పెద్ద రచ్చే జరిగింది. స్టూడెంట్ వీడియోల్లో అంత రచ్చ కూడా ఉండదు. మావాళ్ల వీడియో చివర్లో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పేరుంది, డ్రోన్ మోడల్ పేరుంది, కలర్ ప్రీసెట్ అమ్మినవాడి ఇన్‌స్టాగ్రామ్ ఐడీ ఉంది. పద్నాలుగు మంది గుళ్ల కళాకారులకి కలిపి ఒకే లైను: 'స్థానిక కళాకారులు'. కమిటీ ఇచ్చిన టెంప్లేట్‌లో అంతే జాగా ఉందట.

డ్రోన్ అంటే గుర్తొచ్చింది. వీడియోలో అందరూ మెచ్చుకున్న షాటు, కొబ్బరితోట మీంచి లేచి సముద్రం చూపించేది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం, నడుస్తున్న విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపు అనుమతి లేకుండా ఎగరేయకూడదు; 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకే. అంటే విమానాలు తిరిగేకొద్దీ అక్కడి పిల్లలకి పైనుంచి తమ ఊరు చూపించే ఆ షాటు కూడా ఉండదు. వాళ్ల ఊరి ఆకాశపు చిత్రం విమానం కిటికీ సీటువాళ్ల దగ్గరే ఉంటుంది.

పిల్లలు ఊరుకోలేదు. సంక్రాంతి సెలవుల్లో ఆ బృందాన్ని మళ్లీ పిలిచారు, ఈసారి డబ్బులిచ్చి. ఎక్కడో అద్దెకి తెచ్చిన చిన్న రికార్డర్‌ని, గెయిన్ చేత్తో తగ్గించి, ఇరవై అడుగుల దూరంలో కుర్చీ మీద పెట్టారు. అమ్మాయి ఏ దిద్దుబాటూ లేకుండా తన గొంతుతో పాడింది, రెండుచోట్ల శ్రుతి తప్పింది, అలాగే ఉంచారు. సబ్‌టైటిళ్లు తామే కూర్చుని టైప్ చేశారు. 'బేగి'ని కీబోర్డు మూడుసార్లు మార్చిందట, మూడుసార్లూ వెనక్కి మార్చారు. చివర్లో పద్నాలుగు పేర్లు, ఊరి పేరుతో సహా, ఒక్కో పేరు చదవడానికి సరిపడా సేపు నిలిచాయి.

ఈ వీడియోని పేజీలో పెట్టమని, లేదా కనీసం పాత వీడియో కింద ఆ పద్నాలుగు పేర్లు చేర్చమని కమిటీకి మెయిల్ పెట్టి రెండు నెలలైంది. నేను చూసిన డ్రాఫ్టులో సెక్షన్ నంబరు కూడా రాశారు. జవాబు రాలేదు. మొన్న ఆ బృందంలో పెద్దాయన మావాడిని అడిగాడట: "బావూ, మా గుళ్లు ఇనబడ్డ ఈడియో మా పిల్లల సెల్లులోకి ఎప్పుడొత్తాది?" వాట్సాప్‌లో పంపితే మళ్లీ కంప్రెస్ అయిపోతుందని, పెన్‌డ్రైవ్‌లో వేసి ఆదివారం ఊరికి తీసుకెళ్తున్నాడు.