వార్షిక విజయాల్లో ఊరి భద్రత ఏదీ?

చమురు, గ్యాసు సంస్థలు ఏటా నివేదికలు వెలువరిస్తాయి. వ్యాపారంలో ఎంత ఆర్జించిందీ, ప్రజలకు ఏమి చేసిందీ, పర్యావరణాన్ని ఎలా కాపాడిందీ వాటిలో ఉంటుంది. సంతోషమే. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక సేవకు వెచ్చించాలి. ఆ సొమ్ముతో బడికి గదులు, ఊరికి మంచినీరు వస్తే ఎవరు కాదంటారు?

అయితే గోదావరి డెల్టా వాసుల మొదటి ప్రశ్న వేరు. పాశర్లపూడిలో 1995 జనవరి 8న ఓ.ఎన్‌.జి.సి. బావిలో రేగిన మంట 65 రోజులు ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయవలసి వచ్చింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా బలయ్యారు. పొడి గ్యాసుకు వేసిన గొట్టంలో నీటితో కూడిన గ్యాసు పంపడం వల్ల అది తుప్పు పట్టిందని విచారణలో తేలింది. అంటే అది దైవఘటన కాదు, నిర్లక్ష్యం.

రామచంద్రపురానికి పొరుగున మండపేట ప్రాంతంలోనూ గ్యాసు బావులున్నాయి. కనుక ఇది కోనసీమ గోడు మాత్రమే అనుకోరాదు.

ఏయే పైపులైను ఎప్పుడు వేశారు, ఈ ఏడాది ఎన్ని కిలోమీటర్లు పరీక్షించారు, ఎంత మార్చారు, లీకు కనిపిస్తే ఎవరికి చెప్పాలి? ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాసి ప్రతి పంచాయతీ కార్యాలయంలో అంటించాలి. గ్రామసభలో చదివి వినిపించాలి. జిల్లా అధికారులు ఇందుకు సంస్థలను ఒప్పించాలి. గొట్టం పక్కన నిద్రించే రైతుకు లాభాల లెక్క కన్నా ఈ లెక్కే ముఖ్యం.