మన యింటి మాట: ఇనుప పళ్ళ పిశాచం, మన ఊరి చిల్లంగి



1980వ దశకంలో శ్రీకాకుళం, నరసన్నపేట వంటి ఊళ్ళలో అద్దె పుస్తకాల షాపుకు వెళ్ళినవారిలో "తులసిదళం" పేరు విననివారు అరుదు. యండమూరి వీరేంద్రనాథ్‌గారి ఈ నవల ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. డబ్బుకోసం ఒక పసిపిల్లమీద క్షుద్రప్రయోగం చేయిస్తారు. ఒకవైపు డాక్టర్లు, ఇంకొకవైపు మంత్రగాళ్ళు ఆ పిల్లను బ్రతికించాలని పాటుపడతారు. ఆ తరువాత అట్టమీద పుర్రె, నెత్తురు వేసుకొని అటువంటి నవలలు ఎన్నో వచ్చాయి. రంగనాయకమ్మగారైతే "తులసిదళా"న్ని ఖండిస్తూ ఒక పుస్తకమే వ్రాశారు.

ఆనాటి పిల్లలు ఇప్పుడు తాతలు, అమ్మమ్మలు. అటక మీది పాత నవలను దించి చదివితే, అప్పుడు దీపం ఆర్పడానికి భయపెట్టిన పేజీయే ఇప్పుడు నవ్వు తెప్పించవచ్చు. మరి ఆ భయం నిజంగా పోయిందా?

ఒక సంగతి చెప్పుతాను. 1954 సెప్టెంబరులో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో వందలమంది పిల్లలు కర్రలు, కత్తులు పట్టుకొని ఒక శ్మశానంలోకి వెళ్ళారు. ఇద్దరు పిల్లలను తినివేసిన ఇనుప పళ్ళ పిశాచం అక్కడ ఉన్నదని పుకారు. నిజానికి తప్పిపోయిన పిల్లలెవరూ లేరు. పెద్దలు ఈ నేరాన్ని అమెరికానుండి వచ్చే భయంకరమైన బొమ్మల కథల పుస్తకాలమీద వేశారు. ఉపాధ్యాయులు, సంఘ పెద్దలు గట్టిగా అడిగారు. 1955లో బ్రిటిషు పార్లమెంటు అటువంటి పుస్తకాలను నిషేధిస్తూ చట్టం చేసింది.

తరువాత ఇనుప పళ్ళ పిశాచం ఆ బొమ్మల పుస్తకాల్లో కనబడలేదని కొందరు పరిశోధకులు అన్నారు. అది బడిలో నేర్పిన ఒక పద్యంలో ఉన్నది. ఇనుప దంతాల మృగమైతే మన దానియేలు గ్రంథం 7వ అధ్యాయంలోనే ఉన్నది!

అయితే పరిశుద్ధ గ్రంథాన్ని కూడా దాచవలెనా? కాదు. సౌలు రాజు ఏన్దోరులో కర్ణపిశాచముగల స్త్రీ దగ్గరకు వెళ్ళిన సంగతి కూడా మన గ్రంథంలో ఉన్నది. కాని వాక్యము మనలను భయంలో విడిచిపెట్టదు, దేవుని చేతికి అప్పగిస్తుంది. పిల్లలు చదివేదానిలో భయం ఉన్నదా అని మాత్రమే కాదు, చదివిన తరువాత వారి మనస్సు ఎక్కడికి చేరుతున్నదని కూడా చూడవలెను.

మన సంగతికి వద్దాము. శ్రీముఖలింగం ప్రాంతంలో, వంశధార ఒడ్డున ఉండే మనకు "చిల్లంగి" అనే మాట ఏ నవలా నేర్పనక్కరలేదు. బిడ్డకు జ్వరం తగ్గకపోయినా, గేదె పాలు ఎండిపోయినా ఎవరో ఒకరు ఆ మాట అంటారు. వెంటనే వేలు ఒక విధవరాలివైపో, దిక్కులేని ముసలివానివైపో తిరుగుతుంది. మంత్రం సరిగా పలకలేకుండా చేయాలని పళ్ళు ఊడగొట్టిన సంఘటనలు, చంపివేసిన సంఘటనలు మన తెలుగునాట జరిగాయి. గ్లాస్గోలో ఇనుప పళ్ళ పిశాచం దొరకలేదు. ఇక్కడ పళ్ళు పోగొట్టుకొన్నవారు మాత్రం నిజమైన మనుష్యులు. మన పొరుగున ఉన్న ఒడిశా ఈ దురాచారాన్ని అరికట్టడానికి 2013లో ప్రత్యేక చట్టమే చేసింది.

విశ్వాసుల యిండ్లు దీనికి దూరమని చెప్పలేము. ఆదివారం పాటలు పాడి, మంగళవారం చాటుగా తాయెత్తు కట్టించే యిండ్లు లేవా?

మార్కు సువార్త 6వ అధ్యాయం జ్ఞాపకం చేసుకోండి. రాత్రివేళ నీళ్ళమీద నడిచివచ్చే ఆయనను చూచి శిష్యులు భూతమనుకొని కేకలు వేశారు. వారు భూతమనుకొన్నది తమ ప్రభువునే! భయం కన్నులను అంతగా మూసివేస్తుంది. మనం చిల్లంగిదని పేరుపెట్టి దూరముంచిన ముసలమ్మ దగ్గర ప్రభువు మనకోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు.

కాబట్టి ఈ నెల మూడు పనులు చేద్దాము.

పిల్లలు ఈ రోజుల్లో దయ్యాల కథలు సెల్‌ఫోనులో చూస్తున్నారు. లాక్కొని కొట్టకండి. ప్రక్కన కూర్చొని, "ఎక్కడ భయం వేసింది నాన్నా?" అని అడగండి. చెప్పుకొన్న భయం సగం తగ్గుతుంది.

ఇంట్లో జ్వరం వస్తే ప్రార్థన చేయండి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. వైద్యుని జ్ఞానం కూడా దేవుడు ఇచ్చినదే.

ఊరిలో ఎవరిమీదనైనా చిల్లంగి నింద పడితే, సంఘ పెద్దలు ఆ రాత్రే వెళ్ళి వారి గుమ్మంలో కూర్చోవలెను. అవసరమైతే పోలీసులకు కబురు చేయవలెను. ఆ గుమ్మం దగ్గర మన సాక్ష్యం ఏమిటో ఊరు చూస్తుంది.

ప్రభువు మన యిండ్లలోనుండి భయమును తీసివేసి, తన ప్రేమతో నింపును గాక. ఆమేన్.